కిటికీలో దీపస్తంభం: బిల్లింగ్స్, 1993 – కేస్ స్టడీ

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిల్లింగ్స్ ఒక మాదిరి పట్నం. 1993 నాటికి జనాభా 80 వేల పైచిలుకు. ఎక్కువమంది తెల్లవాళ్ళు, క్రైస్తవులు. యూదు కుటుంబాలు, నల్లజాతి కుటుంబాలు చాలా తక్కువ. క్రో అనే మూలవాసీ తెగవారికి కేటాయించిన ప్రాంతం (రిజర్వేషన్) దగ్గరే కాబట్టి మూలవాసులు కొంత కనిపిస్తారు. ఆ ఏడాది డిసెంబరులో ఈ ఊళ్ళో సుమారు 10 వేల ఇళ్ళు తమ కిటికీలకు యూదుల పండుగ దీపస్తంభం బొమ్మ అంటించుకున్నాయి. వాటిలో యూదుల ఇళ్ళు పిడికెడు కూడా లేవు.

ఈ కేసు చెప్పేవాళ్ళు చాలామంది ఆ బొమ్మ దగ్గరే ఆగిపోతారు. మన ఊళ్ళలో, కాలనీల్లో, సంఘాల్లో ద్వేషాన్ని ఎదుర్కొనే పని చేసేవాళ్ళకు బొమ్మ ఒక్కటే చాలదు. దానికి ముందు ఆ ఏడాది పొడుగునా వేసిన చిన్న అడుగులు తెలియాలి. దాని తరువాత పడ్డ ఎదురుదెబ్బ ఇంకా బాగా తెలియాలి. ఇక్కడ ఎక్కువగా ఆ రెండింటి గురించే రాస్తున్నాం.

బొమ్మకు ముందు

ఏడాది మొదట్లోనే తెల్లజాతి ఆధిపత్యం కోరే కు క్లక్స్ క్లాన్ ముఠా పేరుతో కరపత్రాలు ఊళ్ళో తిరిగాయి. ఆ తరువాత తల గొరిగించుకుని తిరిగే స్కిన్‌హెడ్ ముఠా కుర్రాళ్ళు నల్లజాతివారి చర్చికి ప్రార్థన వేళ వెళ్ళి, వెనక నిలబడి గుడ్లురిమి చూడటం మొదలుపెట్టారు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. కేసు పెట్టడానికి పట్టు దొరకని పని ఇది, అందుకే ప్రమాదకరం. ఊళ్ళోని ఇతర చర్చిల సభ్యులు వంతులవారీగా ఆ చర్చికి వెళ్ళి బెంచీల మీద కూర్చున్నారు. ఎవరితోనూ గొడవ పడలేదు, ప్రార్థన చేసుకున్నారంతే. కొన్ని ఆదివారాలకు ఆ కుర్రాళ్ళు రావడం మానేశారు.

యూదుల శ్మశానంలో సమాధి రాళ్ళు పడగొట్టారు. ఒక మూలవాసీ మహిళ ఇంటి గోడ మీద నాజీల గుర్తు వేసి, చావమంటూ రాతలు రాశారు. పెయింటర్ల యూనియన్ స్థానిక శాఖ, లోకల్ 598, కదిలింది ఇక్కడే. సుమారు 30 మంది పెయింటర్లు తమ బ్రష్షులు, రోలర్లు పట్టుకుని వచ్చి గంటలోపే గోడ శుభ్రం చేసి రంగు వేసి వెళ్ళారు. చూడటానికి, సాయం చేయడానికి ఇరుగుపొరుగు కూడా వచ్చారు.

ఈ ఘట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇలాంటి పనిలో తరచుగా రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, ఆవేశంలో రాతలు వెంటనే చెరిపేయడం. అలా చేస్తే సాక్ష్యం పోతుంది. ముందు ఫోటోలు తీయాలి: ఇల్లంతా కనిపించేలా దూరం నుంచి ఒకటి, అక్షరాలు చదవగలిగేలా దగ్గర నుంచి నాలుగైదు, పక్కన స్కేలు పెట్టి సైజు తెలిసేలా ఒకటి. పోలీసులు వచ్చి రాసుకుని, ఇక చెరపవచ్చని చెప్పాకే బ్రష్షు ముట్టుకోవాలి. రెండోది, స్ప్రే రంగు మీద నేరుగా మామూలు ఎమల్షన్ పూసేయడం. నాలుగు రోజులకు కింది గీతలు లేతగా పైకి తేలతాయి. సాండ్‌పేపర్‌తో రుద్ది, మరకలు ఆపే ప్రైమర్ ఒక కోటు వేసి, అది బాగా ఆరాక రెండు కోట్లు రంగు వేయాలి. రాసిన చోట మాత్రమే వేస్తే అతుకు కనిపిస్తుంది, ఆ ఇంటివాళ్ళకు రోజూ అదే గుర్తు చేస్తుంది. గోడ మొత్తానికి వేయాలి. ఇవి పెయింటర్లకు తెలుసు, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళకు తెలియవు. ఒక వృత్తి సంఘం తన చేతిపనితో ముందుకు రావడంలో ఉన్న బలం అది: వాళ్ళు సానుభూతి చెప్పి వెళ్ళిపోకుండా, పని పూర్తి చేసి వెళ్ళారు.

డిసెంబరు 2 రాత్రి

నవంబరులో ఊరి సింఫనీ వాద్యబృందాన్ని నడిపించే యూదు కండక్టర్ ఇంటి మీదకు సీసా విసిరారు. డిసెంబరు 2 రాత్రి మరో యూదు కుటుంబం ఇంట్లో ఐదేళ్ళ బాబు పడకగది కిటికీలోంచి సిమెంటు ఇటుక లోపలికి వచ్చి పడింది. ఆ కిటికీకి యూదుల హనుక్కా పండుగ దీపస్తంభం, మెనోరా, బొమ్మ అంటించి ఉంది. అదృష్టవశాత్తూ బాబు ఆ సమయంలో గదిలో లేడు.

వచ్చిన పోలీసు అధికారి కిటికీలోంచి ఆ బొమ్మలు తీసేయమని సలహా ఇచ్చాడు. ఆయన దురుద్దేశంతో చెప్పిన మాట కాదు, ఆ కుటుంబం క్షేమం కోరే చెప్పాడు. కానీ ఇలాంటి సలహా మన దగ్గర కూడా ఎన్నిసార్లు వింటాం? ఆ వీధిలోకి వెళ్ళకండి, ఆ పాట మైకులో పెట్టకండి, పెళ్ళి ఊరేగింపు వేరే దారిన తీసుకెళ్ళండి, కొన్నాళ్ళు ఊరు విడిచి ఉండండి. రాయి వేసినవాడు కోరుకున్నది కూడా సరిగ్గా అదే. బాధితులు దాక్కుంటే అతని పని పోలీసుల చేతుల మీదుగా పూర్తయినట్టే.

ఆ తల్లి ఈ విషయం స్థానిక పత్రిక విలేకరితో చెప్పింది: బొమ్మ ఎందుకు తీసేయాలో పిల్లవాడికి ఎలా చెప్పగలనని. బాధితురాలు తానుగా, తన ఇష్టంతో నోరు విప్పడం ఈ కేసులో మొదటి మలుపు. ఆమె వద్దనుకుని ఉంటే తరువాతి పని ఏదీ ఆమె పేరు మీద జరగకూడదు. ఇది నియమంగా పెట్టుకోవాలి.

తొమ్మిది రోజులు

ఆ వార్త చదివిన మార్గరెట్ మెక్‌డొనాల్డ్, మోంటానా చర్చిల సంఘంలో పనిచేసేవారు, తన పాస్టర్ కీత్ టోర్నీకి ఫోన్ చేశారు. మెనోరా బొమ్మ కాపీలు తీయించి, చర్చిలో నడిచే ఆదివారం బడి పిల్లలకు ఇచ్చి ఇంటి కిటికీలకు అంటించమన్నారు. ఆయన మిగతా పాస్టర్లకు చెప్పాడు. ఆ వారాంతంలోనే పలు చర్చిల పిల్లలు బొమ్మలు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు.

డిసెంబరు 11న బిల్లింగ్స్ గెజెట్ పత్రిక ఒక పేజీ మొత్తం మెనోరా బొమ్మ అచ్చు వేసింది, కత్తిరించి కిటికీకి పెట్టుకోమని. హనుక్కా ఆ ఏడాది డిసెంబరు 8 సాయంత్రం మొదలైంది, అంటే పండుగ మధ్యలోనే పేజీ ఇళ్ళకు చేరింది. దుకాణాలు కూడా బొమ్మలు పంచాయి. ఒక క్రీడా సామగ్రి దుకాణం బయట బోర్డు మీద, ద్వేషం, హింస మా ఊళ్ళో చెల్లవని పెద్ద అక్షరాలతో పెట్టారు.

ఇటుక పడ్డ రాత్రికీ, పత్రిక పేజీకీ మధ్య తొమ్మిది రోజులు. ఇంత వేగం ఎలా సాధ్యమైందో చూడండి. కొత్తగా ఏ సంస్థా పెట్టలేదు, ఏ కమిటీకీ ఎన్నికలు జరగలేదు. ఆదివారం బడి అప్పటికే ఉంది. పాస్టర్లు ఒకరికొకరు తెలుసు. యూనియన్ ఉంది. పత్రిక పొద్దున్నే ప్రతి వాకిట్లో పడుతుంది. ఏడాది పొడుగునా చర్చి బెంచీల మీద, గోడ ముందు కలిసి నిలబడి ఉన్నందువల్ల ఎవరికి ఫోన్ చేయాలో అందరికీ తెలుసు. మెనోరా ఆలోచన గొప్పదే, కానీ ఆ ఫోన్ నంబర్లు లేకపోతే అది ఒక చర్చిలోనే ఉండిపోయేది. కష్టం వచ్చాక పరిచయాలు వెతుక్కునే ఊరికి తొమ్మిది రోజులు చాలవు.

పోలీసు చీఫ్ వేన్ ఇన్మన్ పాత్ర కూడా చెప్పుకోవాలి. ఆయన ఇంతకుముందు ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పనిచేశాడు. అక్కడ 1988లో స్కిన్‌హెడ్‌లు ములుగేటా సెరావ్ అనే ఇథియోపియా విద్యార్థిని కొట్టి చంపారు. కరపత్రాలు, రాతల దగ్గర ఊరు మౌనంగా ఉంటే తరువాతి మెట్టు ఏమిటో ఆయనకు తెలుసు. అందుకే ఇది పోలీసులు ఒక్కరే పరిష్కరించే పని కాదని, ఊరే అడ్డు నిలవాలని మొదటి నుంచీ బహిరంగంగా చెప్పాడు. బొమ్మ పెట్టుకుంటే ప్రమాదమా అని అడిగినవాళ్ళకు ప్రమాదం లేదని అబద్ధం చెప్పలేదు. ప్రమాదం ఉందనీ, పెట్టుకోకపోతే అంతకన్నా ఎక్కువ ప్రమాదమనీ చెప్పాడు. ఇలాంటి పనిలో జనానికి నిజం చెప్పి పిలవాలి. ఏమీ కాదని నచ్చజెప్పి తెచ్చినవాళ్ళు మొదటి రాయి పడగానే వెళ్ళిపోతారు.

ఎదురుదెబ్బ

రాళ్ళు పడ్డాయి. బొమ్మలు పెట్టుకున్న కొన్ని ఇళ్ళ కిటికీలు, చర్చి అద్దాలు పగలగొట్టారు. హనుక్కా శుభాకాంక్షలు పెట్టిన కాథలిక్ హైస్కూలు మీద తుపాకీ కాల్పులు జరిగాయి. బొమ్మ ఉన్న ఇళ్ళ ముందు కార్ల అద్దాలు పగలగొట్టి, ఆ ఇళ్ళకే ఫోన్ చేసి మీ కారు చూసుకోండని చెప్పారు.

ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా చతికిలబడేది ఈ దశలోనే. మొదటి రోజు ఉత్సాహం ఉంటుంది, ఫోటోలు వస్తాయి, నాలుగో రోజు ఒకరి కారు అద్దం పగులుతుంది. ఆయన భార్యో, తండ్రో మనకెందుకు ఈ గొడవంటారు. బొమ్మ దిగుతుంది. పక్కవాడిది కూడా దిగుతుంది. వారంలో పని పాడైపోతుంది, బాధిత కుటుంబం ముందుకన్నా ఒంటరిది అవుతుంది.

బిల్లింగ్స్‌లో అద్దాలు పగిలాక బొమ్మలు పెరిగాయి. కారణం ధైర్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు. లెక్క కూడా ఉంది. ఒక్క కిటికీలో బొమ్మ ఉంటే ఆ ఇంటికి రాయి ఖాయం. వేల కిటికీల్లో ఉంటే ఏ ఇంటికైనా రాయి పడే అవకాశం చాలా తక్కువ. పైగా, గురి ఎవరన్నది రాయి వేసేవాడికే తెలియని స్థితి. చీకట్లో ఎవరి ఇల్లు కొడుతున్నాడో, ఆ ఇంటివాడు తన యజమానో, తన స్నేహితుడి అమ్మో అతనికి తెలియదు. ముఠాకు భయం పుట్టించే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరిని ఒంటరి చేయాలో తామే నిర్ణయించడం నుంచి. ఆ ఎంపిక చేతిలోంచి జారిపోయింది.

కాబట్టి ఎదురుదెబ్బకు ముందే సిద్ధంగా ఉండాలి. పగిలిన అద్దం బిగించడానికి మనిషి, డబ్బు ముందే చూసుకోవాలి, అదే రోజు బిగించాలి. పగిలిన అద్దం రెండు రోజులు అలా ఉంటే వీధంతా భయాన్ని గుర్తు చేస్తూ ఉంటుంది. ఎవరికైనా బెదిరింపు ఫోన్ వస్తే అరగంటలో ఐదారుగురు ఆ ఇంటికి వెళ్ళి కూర్చునే ఏర్పాటు ఉండాలి. ప్రతి ఒక్కరూ ఐదుగురికి ఫోన్ చేసే గొలుసు కాగితం మీద రాసి అందరికీ ఇవ్వాలి. ఫోన్‌లో గ్రూపు ఒక్కటీ చాలదు. అందులో సమాచారం బయటికి పోతుంది, అందరూ చూస్తారన్న భరోసాతో ఎవరూ కదలరు.

ఇంకొక విషయం, చిన్నదే. వాట్సాప్ స్టేటస్‌లో దీపం బొమ్మ పెట్టుకోవడం కిటికీకి పెట్టుకోవడంతో సమానం కాదు. స్టేటస్ మనవాళ్ళకే కనిపిస్తుంది, వీధిలో ఎదురయ్యే ప్రమాదాన్ని ఎవరితోనూ పంచుకోదు. ఇంటి ముందు, దుకాణం ముందు, ఆటో వెనక కనిపిస్తేనే అది పనిచేస్తుంది.

చేయనివి

బిల్లింగ్స్ వాళ్ళు ముఠాకు ఎదురెదురుగా ఊరేగింపు తీయడం మీద తమ బలం ఖర్చు పెట్టలేదు. ఎదురుబొదురు నిలబడితే కెమెరాలు ముఠా వైపే తిరుగుతాయి, ఒక్క తోపులాట జరిగితే రెండు పక్షాల గొడవగా వార్త మారిపోతుంది. ద్వేషం ఒక పక్షం కాదు, ద్వేషానికి గురైనవాళ్ళు ఇంకో పక్షం కాదు. ఆ చిత్రం పత్రికల్లో ఒకసారి స్థిరపడితే ఇక మార్చడం కష్టం. అలాగే మన దగ్గర తరచుగా జరిగే శాంతి కమిటీ సమావేశాలు. రెండు వర్గాల పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టి, రాజీ కాగితం మీద సంతకాలు పెట్టించి, బాధితుడి చేత కేసు వెనక్కి తీయిస్తారు. నేరం జరిగినప్పుడు రాజీ కుదర్చడం సయోధ్య కాదు. ముందు ఎఫ్‌ఐఆర్, తరువాత మాటలు.

ఓలేత్, 2017

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న మరీ దగ్గరగా వచ్చింది 2017 ఫిబ్రవరి 22న. కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో గార్మిన్ కంపెనీ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను ఒక బార్‌లో కాల్చి చంపారు. పక్కన ఉన్న తెలుగు మిత్రుడు గాయపడ్డాడు. అంతకు కొద్దిసేపటి ముందే ఆ కాల్చిన వ్యక్తి వాళ్ళిద్దరి వీసా గురించి అడిగి, తమ దేశం నుంచి పొమ్మని అరిచాడు. అక్కడున్నవాళ్ళు ఊరుకోలేదు, అతన్ని బయటికి పంపారు. అతను తుపాకీతో తిరిగొచ్చాడు. కాల్పుల్లో అతన్ని ఆపబోయి ఇయాన్ గ్రిల్లాట్ అనే 24 ఏళ్ళ యువకుడు తీవ్రంగా గాయపడ్డాడు. నిందితుడికి 2018లో జీవిత ఖైదు పడింది.

అక్కడి జనం ఆ క్షణంలో చేయవలసింది చేశారు, ప్రాణం ఒడ్డి మరీ చేశారు. అయినా పని చేసేవాళ్ళు గుర్తుంచుకోవలసిన పాఠం ఒకటి ఉంది: ద్వేషంతో అరిచినవాడిని బయటికి పంపడంతో ప్రమాదం తీరిపోదు. అతను వెళ్ళాక పోలీసులకు వెంటనే ఫోన్ చేయడం, కారు నంబరు రాసుకోవడం, గురైనవాళ్ళను లోపలి వైపు కూర్చోబెట్టడం, తలుపు దగ్గర ఒకరు కనిపెట్టుకుని ఉండటం, వాళ్ళు వెళ్ళేటప్పుడు కారు దాకా తోడు రావడం – ఈ ఐదూ ఏ హోటల్, ఏ గుడి, ఏ సంఘం హాలు నడిపేవాళ్ళకైనా ముందే తెలిసి ఉండాలి. అమెరికాలో ఉగాది, సంక్రాంతి వేడుకలు జరిపే తెలుగు సంఘాలు వాలంటీర్లకు పార్కింగ్, భోజనాల డ్యూటీలు వేసినట్టే ఈ డ్యూటీ కూడా వేయాలి.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ తరువాత ఓలేత్‌లోనే ఉండి, వలస వచ్చినవాళ్ళకు స్థానికులతో పరిచయాలు పెంచే పని మొదలుపెట్టారు. బిల్లింగ్స్‌లో ఏడాది ముందు నుంచీ ఉన్నవి ఆ పరిచయాలే.

మన ఊళ్ళో మెనోరా ఏది

మన పల్లెల్లో ద్వేషం ఎక్కువగా రాయి రూపంలో రాదు. సాంఘిక బహిష్కరణ రూపంలో వస్తుంది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తరువాత దళిత కుటుంబాలకు ఊళ్ళో పనులు ఆపేయడం దేశమంతా చూసింది. బహిష్కరణ యంత్రం ఇలా పనిచేస్తుంది: కూలికి పిలవరు, కౌలు రద్దు చేస్తారు, పాలు పోయరు, కొట్టులో సరుకు ఇవ్వరు, ఆటో ఎక్కనివ్వరు. దీన్ని మీరినవాడికి జరిమానా అని చాటిస్తారు. అసలు మేకు ఆ జరిమానాయే. అది బాధితుల మీద కాదు, వాళ్ళతో మంచిగా ఉండాలనుకునే మిగతావాళ్ళ మీద.

కాబట్టి ఇక్కడ కిటికీలో బొమ్మకు సమానమైనది తెరిచి ఉంచిన కొట్టు. అయితే ఒక్క కొట్టు తెరిస్తే జరిమానా ఆ ఒక్కడి మీద పడుతుంది, అతను రేపటికల్లా మూసేస్తాడు. ఒకే పొద్దున మూడు కొట్లు, ఇద్దరు పాలవాళ్ళు, కూలికి పిలిచే ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి మొదలుపెట్టాలి. ముందు రోజు రాత్రి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి, రచ్చబండ దగ్గర కాదు. బహిరంగంగా అడిగితే ఒప్పుకునేవాడు కూడా పదిమంది ముందు కాదంటాడు. ఎవరు ముందుకొస్తున్నారో ముందే ఎస్‌ఐకి రాతపూర్వకంగా ఇవ్వాలి. పట్నం నుంచి వచ్చే బృందాలు సరుకులు పంచడం మంచిదే, కానీ అది ఆకలి తీరుస్తుంది గానీ బహిష్కరణను తెంచదు. పై నుంచి సరుకు వచ్చినన్నాళ్ళూ ఊరివాళ్ళు మౌనంగా ఉండిపోవడానికి వీలు కూడా దొరుకుతుంది.

చట్టం వైపు: 2015 సవరణ తరువాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం స్వయంగా నేరం, సెక్షన్ 3(1)(జెడ్‌సి) కింద. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా. 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. కేసు కట్టకుండా కూర్చునే ఉద్యోగి, ఎస్సీ ఎస్టీ కానివాడైతే, సెక్షన్ 4 కింద తానే నేరస్తుడు. జాతీయ సహాయ నంబరు 14566. ఫిర్యాదులో అందరూ మమ్మల్ని వెలేశారని మాత్రమే రాస్తే కేసు నిలవదు. ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ కొట్టులో, ఎవరు ఏం అడిగితే ఎవరు ఏమని కాదన్నారు, పక్కన ఎవరున్నారు అని ఒక్కో సంఘటనకు ఒక్కో పేజీ రాయాలి. చాటింపు వేసిన మాట రికార్డయి ఉంటే ఫోన్‌తో సహా భద్రం చేయాలి, ఆ క్లిప్పును ఫార్వర్డ్ చేస్తూ అసలు ఫైలు పోగొట్టుకోకూడదు.

ప్రతి నెలా 30న గ్రామాల్లో జరపవలసిన పౌరహక్కుల దినం ఇలాంటి పరిచయాలు ముందుగా పెంచుకోవడానికి ఉన్న వేదిక. అంటరానితనం మీద విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ సిఫార్సుల నుంచి వచ్చింది. చాలాచోట్ల దళితవాడలోనే ఒక సమావేశం పెట్టి, ఫోటో తీసి, ముగించేస్తారు. దాన్ని ఊరి మధ్య హోటల్ దగ్గరో, గుడి ముందో పెట్టమని తహసీల్దారుకు వారం ముందు అర్జీ ఇవ్వండి. వచ్చిన అధికారుల పేర్లు, చెప్పిన సమస్యలు, ఇచ్చిన గడువు మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ పేజీ నకలు అదే రోజు తీసుకోండి. తరువాతి 30న మొదటి పని ఆ పేజీ చదివించడమే.